రెండు బొటనవేళ్ళ తొడుగు

సముద్రం మీదికి వేసుకునే చేతొడుగుకి కుడి ఎడమలుండవు. రెండు పక్కలా రెండు బొటనవేళ్ళుంటాయి. తెడ్డు రాపిడికి అరచెయ్యి చిరిగితే తొడుగుని తిప్పి, రెండో బొటనవేల్లో వేలు దూర్చుకుంటారు. మొదటిది చేతి వెనకాల ఖాళీగా వేలాడుతూంటుంది. రెండువైపులా చిరిగిందంటే మాత్రం ఎవరో ఒకరు కూర్చుని దాన్ని బాగుచెయ్యాలి.

ఆ ఎవరో ఒకరు ఈ ఏడు రన్వేగ్.

పడవ ఒడ్డుకి లాగారు. చేపల తలలు కోసి, పొట్టలు తీసి, రాళ్ళ మీద పరిచారు. గాలపు తాళ్ళు తొట్టిలో చుట్టి మూత పెట్టేసరికి అందరికన్నా ఆఖరున మిగిలింది ఆమే. గుడిసె గుమ్మం దగ్గరికొచ్చేసరికి లోపలినించి ఆ చప్పుడు వినబడుతోంది. తడి ఉన్ని నేలకి తగిలే చప్పుడు. ఒకరి తరవాత ఒకరు తొడుగులు విప్పి వసారా మూలకి విసిరేస్తున్నారు. విసిరి, తోలు చొక్కాలు మేకులకి తగిలించి, లోపలికెళ్ళి పడకల మీద కూలబడుతున్నారు.

రన్వేగ్ వసారాలో పొయ్యి రాజేసింది. ఎండిన సముద్రపు నాచు, చేపముళ్ళు. మంట కన్నా పొగ ఎక్కువ. కుండలో మంచు కరిగి గోరువెచ్చనయ్యాక ఒక్కొక్క తొడుగూ ముంచి ఉప్పు వదిలేదాకా పిసికింది. నీళ్ళు పోసిన చెక్కతొట్లో వేసి ఉత్తకాళ్ళతో తొక్కింది. ఐస్‌లాండ్ గొర్రె ఉన్ని తొక్కినకొద్దీ దగ్గరపడుతుంది. బాగా దగ్గరపడిన తొడుగులోంచి గాలి దూరదు. దూరకపోతే చెయ్యి బతుకుతుంది.

"ఏమ్మాయ్, నా ఎడంది కుట్టు. నిన్న కుట్టింది కుడిది," లోపలినించి కేకేశాడు తోర్గిల్. ఆమె ముందు బల్ల మీద కూర్చుని తెడ్డు వేసేది అతనే.

"దీనికి ఎడమేంటి, కుడేంటి?"

"నీకు తెలీదులే. నా ఎడంచేతికి ఓ వాసనుంది."

"నీ రెండు చేతులకీ ఉంది. పడవంతా ఉంది."

లోపల నవ్వారు. ముసలి హాలుర్ అందరికన్నా ఎక్కువసేపు నవ్వి దగ్గాడు.

పోయిన ఏడు ఈ పని చెయ్యడానికి గ్రోవా అనే ముసలావిడ గుడిసెలో ఉండేది. వంట, ఉతుకు, కుట్టు ఆవిడవే. ఈ ఏడు పడవలో ఒకడు కాలు విరగ్గొట్టుకుంటే అతని తెడ్డుకి పడవ యజమాని రన్వేగ్‌ని పంపాడు. సరంగు అస్‌గ్రిమ్ ఆమెని పైనించి కిందికి చూసి, "సరే. ఆడమనిషి వచ్చింది కదా, ఇంక ఇంకో ఆడమనిషెందుకు?" అన్నాడు. గ్రోవాని వచ్చిన గుర్రం మీదే తిప్పి పంపేశాడు. మొదటి సాయంత్రం ఎవరూ రన్వేగ్‌కి ఏం చెప్పలేదు. తొడుగులు మూలకి విసిరారు, అంతే.

చిరుగులు కుట్టడానికి దీపం దగ్గరికొచ్చింది. చేపనూనె దీపం. ఉన్ని ఉండ చివరికొచ్చింది. సరంగువి కుట్టింది. తోర్గిల్‌వి కుట్టింది. హాలుర్‌వి చూస్తే చిరుగుల మధ్య ఉన్ని కాస్త మిగిలినట్టుంది. అయినా వాటినీ కుట్టింది. మిగతా ముగ్గురివీ అయ్యాయి. తనవి తీసుకునేసరికి మూర పొడుగు దారం మిగిలింది.

"దీపం ఆర్పు," అన్నాడు అస్‌గ్రిమ్ పడక మీంచి. "నూనె ఊరికే రావట్లేదు."

"నావింకా ఉన్నాయి."

"రేపు చూసుకో."

ఆమె దీపం ఆర్పింది. చీకట్లో తన అరచేతులు ఒకదాన్నొకటి తడుముకున్నాయి. ఒక చేతి పొక్కు చితికి రెండోదాని పొక్కుకి అంటుకుంది.

*

మర్నాడు ఉత్తరంనించి పొడిగాలి. ఇలాంటి రోజున తెడ్డు పిడి మీద పడ్డ తుంపర అక్కడే గడ్డకడుతుంది. పడవ అలలు దాటి లోతు నీళ్ళలోకి రాగానే అందరూ తొడుగులు సముద్రంలో ముంచి, పిండి, తడివే తొడుక్కుని చంకల కింద చరుచుకున్నారు. చలికాలం సముద్రం గాలికన్నా వెచ్చన. పొడి తొడుగు వేసుకుని కూర్చున్నవాడికి చేతులు ముందు పోతాయి. తడిదైతే కాసేపటికి లోపల ఆవిరి పుడుతుంది. చిరుగు లేకపోతే.

రన్వేగ్ తొడుగులకి రెండువైపులా అరచెయ్యి లేదు. ఉన్న అంచులు లాక్కుని పిడి పట్టుకుంది. చర్మం మంచుకి అంటుకుంటోంది. తెడ్డు ఎత్తిన ప్రతిసారీ కాస్త కాస్త ఊడొస్తోంది. నడుం వంచి లాగింది. వెనక్కి వాలింది. మళ్ళీ వంచింది.

"వెనకాల ఎవరో నిద్రపోతున్నారు," అన్నాడు తోర్గిల్ తల తిప్పకుండా. "నా తెడ్డుకి ఎవరిదో తగుల్తోంది."

"నీ తెడ్డే వెనకబడుతోంది," అంది రన్వేగ్.

"చూశారా? పడవలోకి ఆడమనిషొచ్చాక తెడ్లు కూడా జవాబు చెప్తున్నాయి."

చుక్కాని దగ్గరినించి అస్‌గ్రిమ్ ఆమెనే చూస్తున్నాడు. ఆమె తెడ్డు నిజంగానే సగం తడవ ఆలస్యంగా పడుతోంది. పిడి మీద ఎర్రటి మరక గడ్డకట్టడం అతనికి కనబడలేదు. కనబడిందేమో కూడా. అతని చేతులు నిన్న కుట్టిన కొత్త అరచేతుల్లో వెచ్చగా ఉన్నాయి.

"రన్వేగ్," అన్నాడు. "పట్టలేకపోతే చెప్పెయ్. శనివారం సరుకు తెచ్చే గుర్రాలొస్తాయి. వాటితో వెళ్ళిపోవచ్చు. తప్పేం లేదు. అందరి చేతులూ సముద్రానికి పుట్టవు."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. తరవాత పడవలో ఉన్న మిగతా చేతులన్నిటి వైపూ ఒక్కొక్కటిగా చూసింది. తోర్గిల్ అరచేతిలో తను వేసిన చదరం కుట్టు. హాలుర్ బొటనవేలి చివర తను చుట్టిన దారం. సరంగు మణికట్టు దగ్గర తను కొత్తగా అల్లిన అంచు. ఆమె తెడ్డు ఆలస్యం కాకుండా పడాలంటే కావలసిన ఉన్ని అంతా ఆ చేతుల మీదుంది.

హాలుర్ గాలం తాడు విప్పుతూ ఆమె పక్కకి జరిగాడు.

"గుర్రం మీద వెళ్తావా?" అన్నాడు మెల్లిగా.

"నడుం నొప్పి. గుర్రం పడదు నాకు."

ముసలాయన పళ్ళు లేని నోటితో నవ్వాడు.

ఆ సాయంత్రం కూడా వసారా మూలకి తొడుగులు వచ్చి పడ్డాయి. చిన్న గుట్టయింది. రన్వేగ్ పొయ్యి రాజేసింది. మంచు కరిగించింది. గుట్ట దగ్గరికెళ్ళి వంగి, చేత్తో అటూ ఇటూ తీసి తనవి వెతుక్కుంది. వాటితో పాటు తన పెట్టెలోంచి, మొదటి వారంలోనే చిరిగి పక్కన పడేసిన పాత జత కూడా తీసింది. రెండు జతలూ ఉతికింది. తొక్కింది.

దారం లేదు. ఆమె కాలిమేజోడు ఒకటి విప్పి, మోకాలి పైభాగంనించి పోగులు లాగడం మొదలుపెట్టింది. పోగు వంకర్లు తిరిగి వస్తోంటే వేలికి చుట్టుకుంది. నాలుగు అరచేతులూ ఆ నల్లదారంతో అడ్డంగా, నిలువుగా, మందంగా నేసినట్టు కుట్టింది. ముళ్ళన్నీ వేళ్ళ వెనక్కి, తెడ్డు తగలని చోటికి తెచ్చి దాచింది.

హాలుర్ ఒక కన్ను తెరిచి చూస్తున్నాడు.

"మావి?" అన్నాడు.

"అక్కడే ఉన్నాయి."

"అలాగే ఉంచుతావా?"

"మీవి కదా, పెద్దాయనా. నేను ముట్టుకుంటే ఏం బావుంటుంది?"

అతను లేచి తనవి తెచ్చుకుందామా అనుకున్నట్టు దుప్పటి కదిలింది. మళ్ళీ ఆగిపోయింది.

"తెల్లారేసరికి బాగా గడ్డకడుతుంది," అన్నాడు.

"కడుతుంది."

తన రెండు జతలూ పొట్టకి ఆనించుకుని పడుకుంది రన్వేగ్. ఈ గుడిసెలో తడి ఉన్ని ఆరడానికి అదొక్కటే చోటు. ఇన్నాళ్ళూ అక్కడ సరంగు తొడుగులుండేవి.

*

పొద్దున్నే వసారాలోకి మొదట వెళ్ళింది తోర్గిల్. తన తొడుగు పట్టుకుని లాగాడు. దానితోపాటు గుట్టంతా లేచొచ్చింది. ఉప్పు, చేపజిగురు, నీళ్ళు కలిసి గడ్డకట్టి ఒకే ముద్ద. బొటనవేళ్ళు అన్ని దిక్కులకీ చాచుకుని ఉన్నాయి.

"ఇదేంట్రా బాబూ! ఏదో ఈనినట్టుంది!"

మిగతా ముగ్గురూ వచ్చి చూశారు. ఒకడు నవ్వబోయి, అందులో తనవీ ఉన్నాయని గుర్తొచ్చి ఆగాడు. తోర్గిల్ ముద్దని రాతిగోడకేసి కొట్టాడు. రెండు ఊడి పడ్డాయి, చెక్కముక్కల్లా టకటకమంటూ.

అస్‌గ్రిమ్ వచ్చి నిలబడ్డాడు. ముద్దని చూశాడు. తోలు చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్న రన్వేగ్‌ని చూశాడు.

"ఎవరి పనిది?"

"ఎవరి పనీ కాదు," అంది. "అందుకే అలా ఉన్నాయి."

ఒడ్డునించి పక్క పడవల వాళ్ళ కేకలు వినబడుతున్నాయి. వాళ్ళప్పుడే పడవలు నీళ్ళలోకి తోస్తున్నారు.

"గ్రోవా చేసేది," అన్నాడు అస్‌గ్రిమ్.

"గ్రోవా తెడ్డు వెయ్యలేదు. నేనేస్తున్నాను. రెండిట్లో ఏది కావాలో నువ్వే చెప్పు, సరంగూ. తొడుగులు ఉతకమంటే ఇవాళ్టినించి ఇక్కడే కూర్చుని ఉతుకుతాను. నా తెడ్డు ఎవరు వేస్తారో మరి చూసుకో."

అతని మెడ ఎర్రబడింది. ఒక తెడ్డు తక్కువైతే ఈ అలల్లో పడవ ఒడ్డు దాటదు. అది అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. బయట నిలబడి తాడు చుట్టుకుంటున్న హాలుర్‌కీ తెలుసు.

"శనివారం గుర్రాలొస్తాయి," అన్నాడు అస్‌గ్రిమ్. "వాటితో నువ్వు వెళ్తున్నావ్. మాట అయిపోయింది."

"శనివారం దాకా ఆ తెడ్డు నాదే," అని ఆమె ముందు నడిచింది.

పడవ నీళ్ళెక్కాక, అలలు దాటాక, ఎప్పట్లాగే తెడ్లు ఎత్తి పట్టుకుని టోపీలు తీశారు. తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. సముద్రం మీద దేవుడి ముందు తలా చెయ్యీ కప్పుకుని కూర్చోరు. అస్‌గ్రిమ్ ప్రార్థన చెప్పాడు. రోజూ కన్నా తొందరగా చెప్పాడు. ఆమేన్ అనేసరికి అందరి వేళ్ళూ తెల్లబడ్డాయి.

ముద్దలోంచి విరిచి తెచ్చుకున్న తొడుగులు సముద్రంలో ముంచారు. గడ్డ కరిగి మెత్తబడ్డాయి గాని నిన్నటి జిగురు వదల్లేదు. నిన్న తెడ్డు రాపిడికి పడ్డ చిరుగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తోర్గిల్ ఒకవైపు తొడుక్కుని చూశాడు, తిప్పి రెండోవైపు చూశాడు, మళ్ళీ మొదటివైపుకే తిప్పాడు. ఆమెకేసి మాత్రం చూడలేదు.

ఆ రోజు చేప విరగబడి దొరికింది. గాలం కిందికి దిగడం ఆలస్యం, తాడు బరువెక్కుతోంది. తడి తాడు ఎడాపెడా లాగుతోంటే ఉత్త వేళ్ళలో చలి ఎముక దాకా దిగుతోంది. మధ్యలో ఒకడు చేతులు నోట్లో పెట్టుకుని ఊదుకున్నాడు.

"ఊదకు," అన్నాడు హాలుర్. "తరవాత ఏడుస్తావ్."

మధ్యాహ్నం దాటాక ఉత్తరాన కొండలు మాయమయ్యాయి. అక్కడ గోడలాంటి తెలుపు లేచింది. అస్‌గ్రిమ్ లేచి నిలబడి చూసి, "తాళ్ళు లాగండి. చాప ఎత్తండి," అన్నాడు.

తెరచాప ఎత్తారు. దాని కింది మూలకి కట్టిన తాడు పట్టుకునేది ఎప్పుడూ తోర్గిల్. ఆ తాడుని ఎక్కడా కట్టెయ్యరు. పెనుగాలి ఒక్కసారిగా కొట్టినప్పుడు చేత్తో వదలాలి, తగ్గగానే లాగాలి. తాడు కట్టేసిన పడవలు ఒడ్డుకి రాలేదు. చెయ్యి తెలిసినవాడే అది పట్టాలి. తెలియడానికి చేతికి స్పర్శ ఉండాలి.

మొదటి గాలిదెబ్బకి తోర్గిల్ వదలడం ఆలస్యమైంది. పడవ ఒరిగి, ఒక పక్కనించి నీళ్ళు లోపలికొచ్చాయి. చేపలు ఈదినట్టు కదిలాయి.

"తోర్గిల్!"

"తెలీట్లేదు!" అరిచాడు తోర్గిల్. "తాడు చేతిలో ఉందో లేదో తెలీట్లేదు నాకు!"

హాలుర్ మోకాళ్ళ మీద జరిగెళ్ళి అతని చేతుల్లోంచి తాడు లాక్కున్నాడు. తన చేతుల వైపు ఓసారి చూసుకున్నాడు. వెనక్కి తిరిగి రన్వేగ్‌కి అందించాడు. సరంగుని అడగలేదు.

ఆమె తాడుని నల్లదారం అరచేతుల మధ్య పట్టుకుంది. తడిసిన ఉన్ని లోపల చేతులు కాగుతున్నాయి. పొక్కులు మండుతున్నాయి. మండడం మంచిదే. గాలి వచ్చింది, వదిలింది. తగ్గింది, లాగింది. పడవ తల దించుకుని పరిగెత్తింది.

చుక్కాని పిడికి గడ్డ పేరుకుంటోంది. అస్‌గ్రిమ్ ఆ గడ్డ గీకడానికి కుడిచేతి తొడుగు విప్పి పళ్ళతో పట్టుకున్నాడు. గోళ్ళతో గీకాడు. అప్పుడే ఇంకో అల వెనకనించి లేచింది.

"వదులు! తాడు వదులూ!" అని రన్వేగ్ మీద అరిచాడు.

ఆమె అప్పటికే వదిలింది. అరవడానికి తెరిచిన నోట్లోంచి తొడుగు జారి, గాలికి ఎగిరి, తెల్లటి నురుగులో పడింది. రెండు బొటనవేళ్ళూ చాచుకుని ఓ క్షణం తేలింది. తరవాత లేదు.

మార్చుకోవడానికి ఉంచుకున్న అతని రెండో జత గుడిసెలో ఆ ముద్దలోనే ఉంది.

ఉత్తచేత్తో చుక్కాని పట్టుకున్నాడు. తుంపర పడినచోటల్లా చెయ్యి తెల్లబడింది. కాసేపటికి ఎడంచేతికి మార్చాడు. ఆ తొడుగుకి అరచెయ్యి లేదు. మళ్ళీ కుడిచేతికి మార్చాడు. వేళ్ళు పిడి చుట్టూ ముడుచుకోలేదు. మోచేత్తో అదిమిపట్టాడు. పడవ తల ఊగడం మొదలుపెట్టింది. చిరిగిన తొడుగులతో కూర్చున్న అయిదుగురూ అతన్నే చూస్తున్నారు. ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏం లేదు.

అతను ఎవరినీ అడగలేదు. రన్వేగ్ చూస్తోంది. అతను ఆమె కళ్ళలోకి చూశాడు. అప్పుడు కూడా అడగలేదు.

ఆమె తాడుని ఒక చేత్తో బిగించి, రెండో చెయ్యి తోలు చొక్కా లోపలికి పోనిచ్చి పాత జత బయటికి లాగింది. ఒకటి హాలుర్ ఒళ్ళో పడేసింది. రెండోది అస్‌గ్రిమ్ మీదికి విసిరింది. వసారా మూలకి విసిరినట్టే విసిరింది. అది అతని గుండెకి తగిలి ఒళ్ళో పడింది.

"అరువు," అంది.

అతను పళ్ళతో లాగి తొడుక్కున్నాడు. ఆమె చేతి కొలతకి అల్లింది, బిగుతు. వెచ్చగా ఉంది. ఏ చేతికి తొడుక్కున్నాడో చూసుకోనక్కర్లేదు. కాసేపటికి వేళ్ళు పిడి చుట్టూ ముడుచుకున్నాయి. పడవ తల నిలబడింది.

ఒడ్డు చేరేదాకా ఇద్దరే పనిచేశారు. అతను చుక్కాని తిప్పాడు, ఆమె తాడు వదిలింది, లాగింది.

*

సాయంత్రం గుడిసెలో ఎండుచేప మీద పుల్లటి వెన్న రాసుకుని తిన్నారు. తోర్గిల్ అందరికన్నా ఆలస్యంగా చేపలు పరిచి వచ్చాడు. వస్తూనే అలవాటుకొద్దీ తొడుగులు విప్పి మూలకి విసిరాడు.

ధబ్.

ఆ చప్పుడు ఒక్కటే వినబడింది. అందరూ తలెత్తారు. మూలలో అవి తప్ప ఏం లేవు. మిగతావాళ్ళ తొడుగులు వాళ్ళ వాళ్ళ ఒళ్ళోనే ఉన్నాయి, వాటినేం చెయ్యాలో తెలీనట్టు.

రన్వేగ్ తనవి తొట్లో వేసి తొక్కుతోంది. ఆగలేదు.

"ఆ తరవాత వంతు నాది," అన్నాడు హాలుర్. "తొక్కడం వచ్చు నాకు. అమ్మ దగ్గర నేర్చుకున్నా. పెళ్ళయ్యాక మర్చిపోయా."

తోర్గిల్ గుమ్మంలో నిలబడి ఒకసారి మూల వైపు, ఒకసారి పడక వైపు చూశాడు. ఏదో గొణుక్కుంటూ వెళ్ళి వంగి తనవి తీసుకున్నాడు.

"ఏంటి, ఎడందా కుడిదా?" అని అడిగింది రన్వేగ్.

"పోవే," అన్నాడు. వరసలో మాత్రం నిలబడ్డాడు.

అస్‌గ్రిమ్ చాలాసేపు బయటే ఉన్నాడు. పడవ తాళ్ళు రెండోసారి చూశాడు. లోపలికొచ్చి, వరస అయ్యాక తొట్టి దగ్గర కూర్చున్నాడు. అరువు తెచ్చిన తొడుగుని నీళ్ళలో పిసికాడు. చుక్కాని గడ్డకి దాని అరచెయ్యి ఒక పక్క కోసుకుపోయింది. పెట్టెలోంచి తన సొంత మేజోడు తీసి, ఎవరి వైపూ చూడకుండా పోగు లాగాడు. సూది అడిగి తీసుకున్నాడు. అతని చేతుల్లో సూది కనబడడమే లేదు. వేళ్ళ చివర్లు ఇంకా వాచి ఉన్నాయి. రెండుసార్లు గుచ్చుకున్నాడు. మూడోసారి గుచ్చుకున్నప్పుడు సముద్రం మీద కూడా అనని మాట ఒకటన్నాడు.

కుట్టడం అయ్యాక లేచి వెళ్ళి తొడుగుని రన్వేగ్ పడక మీద పెట్టాడు. విసరలేదు.

"సరంగూ," అన్నాడు తోర్గిల్, దుప్పటి లోంచి. "శనివారం గుర్రాల సంగతేంటి?"

"గుర్రాలు ఉన్ని తెస్తాయి," అన్నాడు అస్‌గ్రిమ్. "ఖాళీగా వెళ్తాయి."

రన్వేగ్ తొడుగు తీసుకుని చెయ్యి దూర్చింది. పిడికిలి బిగించింది, విప్పింది. తెడ్డు పట్టుకున్నట్టు మళ్ళీ బిగించింది. తిప్పి రెండో బొటనవేల్లో వేలు పెట్టి మళ్ళీ చూసింది. విప్పి అతని ముందుకి చాపింది.

"ముడి అరచేతి మధ్యలో ఉంది. రేపు పొక్కుతుంది," అంది. "విప్పి మళ్ళీ కుట్టు."

హాలుర్ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. దుప్పటి కదులుతోంది.

అస్‌గ్రిమ్ ఆమె చేతిలో తొడుగుని చూశాడు. ఆ చేతిని కూడా చూశాడు. చితికి ఎండిన పొక్కులు, వాటి మీద కొత్తవి. చూడనట్టు ఉండడానికి ఇప్పుడు మధ్యలో పడవంత దూరం లేదు.

తొడుగు తీసుకుని తన చోటికెళ్ళి కూర్చున్నాడు.

"దీపం ఇటు జరపండి," అన్నాడు.

"నూనె ఊరికే రావట్లేదు," అంది రన్వేగ్. అని, దీపం అతని వైపు జరిపింది.

అతను ముడి విప్పాడు. పోగు నోట్లో తడిచేసి, సూది కన్ను దీపానికెదురుగా పెట్టి, ఒక కన్ను మూసి గురిచూశాడు. పోగు పక్కకి జారింది. మళ్ళీ తడిచేశాడు. మళ్ళీ జారింది. గుడిసెలో ఆరుగురు మేలుకునే ఉన్నారు. ఎవరూ సాయం చెయ్యడానికి లేవలేదు.